హైదరాబాద్‌లో ఇన్ని పావురాలు ఎందుకు?

హైదరాబాద్ అపార్టుమెంటు సంఘాల సమావేశాల్లో నీళ్ల ట్యాంకర్ల లెక్క, పార్కింగు తగాదా అయిపోయాక తప్పకుండా వచ్చే మూడో అంశం పావురం. నాలుగో అంతస్తులోని పెద్దాయన రోజూ తెల్లవారగానే టెర్రస్ మీద జొన్నలు చల్లుతారు. రెండో అంతస్తులో ఉబ్బసం ఉన్న పిల్లవాడి తల్లి ఆ జొన్నల గురించే ఫిర్యాదు చేస్తుంది. ఒకరు పుణ్యం అంటారు, ఒకరు రోగం అంటారు, ఇంకొకరు వలలు కట్టే మనిషి ఫోను నంబరు ఇస్తారు. పక్క భవనంవాళ్లు వలలు కట్టించుకోగానే అక్కడి పావురాలు వీళ్ల సన్‌షేడ్ మీదికి చేరతాయి. గొడవ ఒక గోడ దాటి ఇటు జరుగుతుంది, అంతే.

ఈ తగాదాలో అందరి మాటలోనూ ఎంతో కొంత నిజం ఉంది. చిక్కల్లా, ఈ పక్షి ఎక్కడిది, దానివల్ల మనకు హాని ఎంత, అది ఇంతగా ఎందుకు పెరిగింది అనే మూడు సంగతులను ఒకే ముద్ద చేసి మాట్లాడటంలోనే ఉంది. వాటిలో మూడోదాన్ని సరిగ్గా పట్టుకుంటే మిగతా రెండింటి వేడి సగం చల్లారుతుందని నా అభిప్రాయం. పావురాల సంఖ్య పావురాల చేతిలో లేదు. తిండి గింజలు, కూర్చునే అరలు ఎన్ని ఉంటే అవి అన్ని ఉంటాయి. ఆ రెండూ సమకూరుస్తున్నది మనమే.

రాతిగుట్టల నుంచి డక్టుల్లోకి

మనకు నిత్యం కనిపించే బూడిదరంగు పావురం శాస్త్రీయ నామం కొలంబా లివియా. ఇది చెట్ల పక్షి కాదు. కొండ చరియలు, రాతి నెర్రెలు, గుహల నోళ్లు దీని సొంత చోట్లు. పగలు మైదానంలో గింజలు ఏరుకుని, పొద్దు వాలేసరికి రాతి అరల్లోకి చేరడం దీని పద్ధతి. కొమ్మ మీద వాలిన పావురం అప్పుడప్పుడు కనిపిస్తుంది గానీ, కొమ్మ మీద దాని గూడు కనిపించడం చాలా అరుదు. అదే కుటుంబానికి చెందిన గువ్వలు మాత్రం పొదల్లో, చెట్లలో గూళ్లు కట్టుకుంటాయి. రావి, మర్రి పండ్లు పండినప్పుడు నగరంలోని పెద్ద చెట్లకు గుంపులుగా వచ్చే పచ్చ పావురాలైతే నేల మీదికి దిగడమే తక్కువ; ఆకుల్లో కలిసిపోయి, పక్కనే నడిచి వెళ్లేవారికి కూడా కనిపించవు.

రాతి అరల్లో బతకడానికి పుట్టిన పక్షికి హైదరాబాద్ కంటే అనువైన ఊరు దొరకదు. ఈ నగరం దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు మీద కూర్చుంది. గోల్కొండ గుట్ట, ఖాజాగూడ బండలు మనం ఇక్కడికి రాకముందే పావురానికి కావలసిన అరలన్నీ సిద్ధం చేసి పెట్టాయి. ఆ తర్వాత మనం రాయి మీద రాయి పేర్చి కోటలు, సమాధులు, మసీదులు కట్టాం. 1591 నాటి చార్మినార్ మొదలుకొని, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో 1935లో ఆయన రెండో కొడుకు పేరుతో లేచిన మొజంజాహీ మార్కెట్ దాకా ఏ కట్టడం చూసినా అదే ఏర్పాటు. వాన తగలని లోతైన అర, పిల్లి ఎక్కలేని ఎత్తు, కాస్త దూరంలో బేగంబజార్ లాంటి చోట నేల రాలే ధాన్యం.

గచ్చిబౌలి, కొండాపూర్, మియాపూర్ వైపు లేచిన టవర్లకు వచ్చేసరికి ఈ ఏర్పాటు ఇంకా మెరుగుపడింది. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక జానెడు సందు, బాత్రూం డక్టులో పైపులు వంపు తిరిగే మూల, కొన్నవారు విదేశాల్లో ఉండి తాళం వేసిపెట్టిన ఫ్లాటు బాల్కనీ. పావురాన్ని దృష్టిలో పెట్టుకుని ఏ ఆర్కిటెక్టూ వీటిని గీయలేదు గానీ, పెట్టుకుని గీసినా ఇంతకంటే బాగా కుదిరేవి కావు.

అయితే ఇది కొండ మీది పక్షి ఊళ్లోకి దిగిన కథ మాత్రమే కాదు. మనిషి పావురాన్ని వేల ఏళ్ల కిందటే మచ్చిక చేసుకున్నాడు. మాంసానికి పెంచాడు, ఎరువుకు పెంచాడు, ఉత్తరాలు మోయించాడు, కేవలం ముచ్చటకు కూడా పెంచాడు. విసనకర్రలా తోక విప్పే లక్కా, పిల్లిమొగ్గలు వేసే లోటన్ వంటి రకాలన్నీ ఈ ఒక్క రాతి పావురం సంతతేనని డార్విన్ 1859లో వాదించాడు. ఆ మాట చెప్పడానికి ఆయన స్వయంగా పావురాలు పెంచి, పావురాల క్లబ్బుల్లో సభ్యుడిగా చేరాడు. ఇక్కడ అక్బరు చక్రవర్తికీ ఆ పిచ్చి ఉండేది. ఆయన దగ్గర 20,000కు పైగా పావురాలు ఉండేవని, పావురాల ఆటను ఆయన ఇష్క్‌బాజీ, అంటే ప్రేమ ఆట, అనేవాడని ఆస్థాన చరిత్రకారుడు రాసిపెట్టాడు.

పాతబస్తీ మిద్దెల మీద ఆ సరదా ఇంకా బతికే ఉంది. వెదురు కర్రకు గుడ్డ కట్టి ఊపుతూ, ఈల వేస్తూ గుంపును పైకి లేపుతారు. పక్క మిద్దెవాడి గుంపులోని పక్షి ఒకటి తికమకపడి మన గుంపుతో పాటు మన మిద్దె మీద దిగితే అదే గెలుపు. చార్మినార్ దగ్గరి ముర్గీ చౌక్‌లో ఈ పక్షుల బేరాలు విన్నవారికి తెలుసు, గుర్రాల బేరానికి ఏమాత్రం తీసిపోవు. ఇలా పెంచిన పక్షుల్లో కొన్ని తప్పిపోతాయి, కొన్నింటిని విసిగిన యజమానులే వదిలేస్తారు. అవన్నీ వీధి గుంపుల్లోనే కలుస్తాయి.

నమ్మకం లేకపోతే మొజంజాహీ మార్కెట్ ముందు ఐదు నిమిషాలు నిలబడి గుంపును గమనించండి. బూడిదరంగు ఒళ్లు, రెక్క మీద రెండు నల్ల పట్టీలు, మెడ మీద ఆకుపచ్చ, ఊదా మెరుపు, ఇది కొండల్లోని అసలు రూపం. దాని పక్కనే రెక్క నిండా గళ్లున్నది ఉంటుంది, బొగ్గు నలుపుది ఉంటుంది, ఇటుక రంగుది ఉంటుంది, అక్కడక్కడా తెల్ల ఈకలు కలిసినదీ ఉంటుంది. ఆ రంగుల్లో చాలావరకు మనుషులు పెంపకంలో ఏరి నిలబెట్టినవే. కాబట్టి మన బాల్కనీలో కువకువలాడుతున్నది దారి తప్పి వచ్చిన అడవి ప్రాణి కాదు. వీధి కుక్క లాగే యజమాని లేకుండా మిగిలిన పెంపుడు జీవి. దాన్ని చొరబాటుదారుగా చూసేవారూ, ప్రకృతి పంపిన అతిథిగా చూసేవారూ ఇద్దరూ ఈ మధ్యలోని కొన్ని వేల ఏళ్లను మరచిపోతున్నారు.

నాలుగు పుల్లలు, రెండు గుడ్లు

గూడు కట్టడంలో పావురం పక్షిజాతి పరువు తీస్తుంది. మగది ఒక్కో పుల్ల తెచ్చి, తరచుగా ఆడదాని వీపు మీదికే ఎక్కి, దాని ముందు పడేస్తుంది. ఆడది కూర్చున్న చోటు నుంచి లేవకుండానే ఆ పుల్లను ఒంటి కిందికి దోపుకుంటుంది. పని పూర్తయ్యాక చూస్తే కొన్ని చీపురు పుల్లలు, భవన నిర్మాణం దగ్గర ఏరుకొచ్చిన రెండు ముక్కల బైండింగు వైరు, ఒక ఈక. కొన్నిసార్లు గుడ్లు నేరుగా సిమెంటుకే ఆని ఉంటాయి.

గట్టిదనం తర్వాత వస్తుంది. చాలా పక్షులు తమ పిల్లల రెట్టను ముక్కున కరుచుకుని దూరంగా పారేస్తాయి. పావురం ఆ శ్రమ పెట్టుకోదు. పిల్లలు గూటి అంచున వేసిన రెట్ట ఎండి పుల్లలన్నిటినీ అతికించేస్తుంది. అదే చోట మళ్లీ మళ్లీ గుడ్లు పెడతాయి కాబట్టి కొన్ని కాన్పులకు అది బరువైన దిమ్మెగా మారుతుంది. ఏసీ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని, సణుగుతూ స్క్రూడ్రైవరుతో పెకలించేది దాన్నే.

గుడ్లు రెండు, తెల్లగా ఉంటాయి. మొదటిది పెట్టాక ఒక రోజు పైచిలుకు ఆగి రెండోది పెడుతుంది. పొదిగే పని ఆడామగా వేళలు పంచుకుని చేస్తాయి. సాయంత్రం నుంచి మర్నాడు పొద్దున తొమ్మిది పది దాకా ఆడదాని వంతు. అక్కడి నుంచి మధ్యాహ్నమంతా మగదానిది. అంటే మీరు పన్నెండు గంటలకు కిటికీ తీసి అదిలించినా కదలకుండా గుర్రుగా చూసేది సాధారణంగా తండ్రి. 17 నుంచి 19 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. మూసిన కళ్లు, పలుచని పసుపు నూగు, ఒంటికి మించిన ముక్కు. ఆ అవతారాన్ని చూసి ముద్దొస్తోందన్నవారు నాకింకా తారసపడలేదు.

పావురం విజయరహస్యం ఇక్కడి నుంచే మొదలవుతుంది. గింజలు తినే పక్షుల్లో చాలావాటికి పిల్లల్ని సాకేటప్పుడు పురుగులు కావాలి, ఎదిగే ఒంటికి మాంసకృత్తులు అవసరం గనక. పిచ్చుకే చూడండి, తాను ధాన్యం తిన్నా పిల్లల నోట్లో పెట్టేది ఎక్కువగా పురుగులనే. పావురానికి ఆ బెంగ లేదు. పిల్లలు పుట్టే వేళకు తల్లికీ తండ్రికీ ఇద్దరికీ గొంతు కింద ఉండే మేత సంచి లోపలి పొర మందమై, కణాలు పొరలుగా ఊడి, జున్నులాంటి ముద్దగా తయారవుతాయి. కొవ్వు, మాంసకృత్తులు దండిగా ఉన్న ఆ ముద్దే పావురం పాలు. ఆవులో, మనిషిలో పాలు తయారుకావడానికి తోడ్పడే ప్రొలాక్టిన్ అనే హార్మోనే దీన్నీ నడిపిస్తుంది. మొదటి కొద్ది రోజులు పిల్లలకు అదే ఆహారం. తర్వాత మెల్లగా నానిన గింజలు కలుస్తాయి. పక్షుల్లో ఇలాంటి పాలు ఇచ్చేవి పావురాలు, గువ్వల కుటుంబం కాకుండా ఫ్లెమింగోలు, మగ ఎంపరర్ పెంగ్విన్లు మాత్రమే.

దీని ఫలితం సామాన్యమైనది కాదు. పురుగులు పుట్టే రుతువు కోసం పావురం ఆగనక్కర్లేదు. జొన్నలు దొరికితే చాలు, అది మండే ఏప్రిల్ అయినా, ముసురు పట్టిన జూలై అయినా సంసారం సాగిపోతుంది. పైగా ఈ పిల్లలు ఎగరకముందే తల్లి మరో జత గుడ్లు పెట్టేయగలదు. మేత పుష్కలంగా ఉన్నచోట ఒక జంట ఏడాదికి ఐదారు సార్లు పొదుగుతుంది.

పావురం పిల్లలు వీధిలో ఎందుకు కనిపించవని చాలామంది అడుగుతారు. కనిపిస్తూనే ఉంటాయి, మనం పోల్చుకోలేం. సుమారు నాలుగు వారాల పాటు గూట్లోనే ఉండి, దాదాపు పెద్దవాటంత అయ్యాకే బయటికి వస్తాయి. ముక్కు మొదట్లో తెల్లగా ఉండాల్సిన బుడిపె ఇంకా బూడిదరంగులో, మెడ మెరుపు లేకుండా, కన్ను నారింజ ఎరుపు తిరగకుండా ఉన్నదాన్ని చూస్తే అదే పిల్ల.

ఆలుబిడ్డల మీద మమకారంతో వేటగాడి వలలో చిక్కిన కపోతాన్ని భాగవతంలోని అవధూత తన 24 మంది గురువుల్లో ఒకటిగా చెప్పుకున్నాడు. ఆ కథ అల్లినవారు పావురాన్ని దగ్గరగా చూసే ఉంటారు. జత కట్టిన పావురాలు మామూలుగా విడిపోవు, గూడు చోటునూ వదులుకోవు. గూడు ఊడ్చి పారేసిన మర్నాడే అదే పైపు మీద, అదే జంట, నోట కొత్త పుల్లతో హాజరవుతుంది. దీన్ని పొగరు అనుకుని పంతానికి పోయేవారున్నారు. అది పుట్టుకతో వచ్చిన గుణం. పంతంలో గెలుపు పావురానిదే.

గింజల లెక్క

దేశంలోని పక్షుల స్థితి మీద 2023లో వెలువడిన నివేదికలో తగ్గిపోతున్న జాతుల జాబితా పొడవుగానే ఉంది. సంఖ్య పెంచుకుంటున్న కొద్దిపాటి పక్షుల్లో పావురం ఒకటి. పిచ్చుకల్ని తరిమేసింది పావురాలేనని చాలామంది అంటారు, అది తొందరపాటు. పిచ్చుక గూడు పెట్టే చిన్న రంధ్రంలో పావురం పట్టదు, పిచ్చుక పిల్లలకు కావలసిన పురుగులతో దానికి పనీ లేదు. ఒకే ఊరు ఒకదానికి ప్రతికూలంగా, ఇంకొకదానికి అనుకూలంగా మారింది.

ఏడాదికి పది గుడ్లు పెట్టే పక్షి నిజంగా పది పిల్లల్ని పెంచుకోగలిగితే ఈపాటికి మనకు నిలబడటానికి చోటు ఉండేది కాదు. చాలా పిల్లలు గూట్లోనే చనిపోతాయి. ఎగిరినవాటిలోనూ చాలా మొదటి ఏడాది దాటవు. పిల్లులు, జాలె డేగలు, చలికాలంలో వచ్చే పెద్ద డేగలు కొన్నింటిని పట్టుకుపోతాయి. కానీ ఇవేవీ మొత్తం సంఖ్యను పెద్దగా కదిలించవు, ఎందుకంటే ఖాళీ అయిన చోటును నింపడానికి వెనక వరుసలో ఎప్పుడూ కొన్ని సిద్ధంగా ఉంటాయి. పై హద్దు గీసేది తిండి.

ఇది పావురం దినచర్యలోనే కనిపిస్తుంది. ధాన్యం చెదురుమదురుగా ఉన్నచోట అది పొద్దుటి నుంచి కిలోమీటర్ల దూరం తిరిగి, గింజ గింజా ఏరుకోవాలి. అప్పుడు పిల్లలకు మిగిలేది తక్కువ, కాన్పులూ తక్కువే. అదే ఒక్కచోట బస్తా కుమ్మరిస్తే పది నిమిషాల్లో మేత సంచి నిండిపోతుంది. మిగిలిన రోజంతా జత కట్టడానికి, పొదగడానికి ఖాళీయే. ఒక పావురం రోజుకు సుమారు 30 గ్రాముల గింజలు తింటుంది. అంటే 50 కిలోల జొన్నల బస్తా 1,600 పైచిలుకు పావురాలకు ఒక రోజు నిండు భోజనం. మొజంజాహీ మార్కెట్ దగ్గర, మక్కా మసీదు ఆవరణలో పావురాలకు పడే గింజలను ఈ కొలతతో ఊహించుకోండి. అక్కడ వాలే పక్షులు ఆకలితో అలమటిస్తున్నాయి కాబట్టి మనం గింజలు వేయడం లేదు; మనం గింజలు వేస్తున్నాం కాబట్టి అన్ని పక్షులు ఉన్నాయి.

ఈ సంగతిని ఇరవై ఏళ్లకు పైగా డబ్బు తగలేసి నేర్చుకున్న ఊరు ఒకటుంది, స్విట్జర్లాండ్‌లోని బాసెల్. 1961 నుంచి 1985 దాకా అక్కడ దాదాపు లక్ష పావురాలను కాల్చి, పట్టి చంపారు. ఊళ్లో ఉండే పావురాల సంఖ్య మాత్రం సుమారు 20,000 దగ్గరే నిలిచింది. చంపినకొద్దీ మిగిలినవాటికి తిండి ఎక్కువైంది, పిల్లలు ఎక్కువ బతికాయి. 1988లో పద్ధతి మార్చారు. గింజలు వేయడం పావురాలకే కీడు అని జనానికి ఓపిగ్గా చెప్పారు, పర్యవేక్షణలో ఉండే కొన్ని గూళ్లు ఏర్పాటు చేసి అక్కడ పెట్టిన గుడ్లను తీసేస్తూ వచ్చారు. నాలుగేళ్లలో సంఖ్య సగానికి దిగింది. మన దగ్గర ముంబయిలో 2025లో కబూతర్‌ఖానాలను, అంటే పావురాలకు గింజలు వేసే చోట్లను, మూసేయించినప్పుడు వ్యవహారం హైకోర్టుదాకా, వీధి నిరసనలదాకా వెళ్లింది. రాత్రికి రాత్రి టార్పాలిన్ కప్పి గింజలు ఆపడానికీ, కొన్నేళ్లపాటు తగ్గిస్తూ పోవడానికీ తేడా ఉంది. ఒకటి ఆకలి చావులు తెస్తుంది, రెండోది కాన్పులు తగ్గిస్తుంది.

పట్టుకెళ్లి ఊరవతల అడవిలో వదిలేద్దామనే సలహా ప్రతి సంఘంలోనూ ఎవరో ఒకరు ఇస్తారు. వేల ఏళ్లుగా మనిషి పావురంతో ఉత్తరాలు మోయించింది అది ఎంత దూరం తీసుకెళ్లి వదిలినా ఇంటికి తిరిగి వస్తుందనే నమ్మకంతోనే. సూర్యుడి స్థానం, భూమి అయస్కాంత క్షేత్రం, వాసనలు అన్నిటినీ అది వాడుకుంటుంది. తెలిసిన ప్రాంతానికి చేరాక రహదారుల వెంబడి ఎగిరి, కూడళ్ల దగ్గర మలుపు తిరిగే పావురాలను బ్రిటన్‌లో పరిశోధకులు గుర్తించారు. ఔటర్ రింగ్ రోడ్డు దాటించి వదిలితే వ్యాను కంటే ముందు అదే ఇల్లు చేరుతుంది. చేరకపోయినా, అది ఖాళీ చేసిన అరలోకి మరో జంట దిగుతుంది.

రెట్టతో వచ్చే జబ్బులు

పావురాల వల్ల ఊపిరితిత్తులు పాడైపోతాయని వాట్సాప్‌లో తిరిగే సందేశాల్లో రెండు మూడు వేరువేరు జబ్బులు కలగాపులగం అయ్యాయి. విడదీసి చూడటం అవసరం, ఎందుకంటే ఎవరు జాగ్రత్త పడాలన్నది జబ్బును బట్టి మారుతుంది.

మన ఊళ్లలో ఎక్కువ ఆలోచించాల్సింది హైపర్‌సెన్సిటివిటీ న్యూమోనైటిస్ గురించి. ఇది అంటువ్యాధి కాదు. దీనిలో క్రిమి ఏదీ ఉండదు. ఎండిన రెట్టలోనూ, పావురం ఒంటి నుంచి రాలే ఈకల పొడిలోనూ ఉండే ప్రొటీన్లను ఏళ్ల తరబడి పీల్చినవారిలో కొందరికి శరీర రక్షణ వ్యవస్థ వాటి మీద తిరగబడుతుంది, ఆ పోరులో ఊపిరితిత్తులే దెబ్బతింటాయి. పావురాల మధ్య ఉన్న అందరికీ ఇది రాదు, ఎక్కువమందికి రాదు. వచ్చినవారిలో మొదట ధూళి తగిలిన కొన్ని గంటలకు పొడిదగ్గు, ఆయాసం, జ్వరంలాంటి నలత కనిపించి తగ్గిపోవచ్చు. అందుకే చాలామంది దాన్ని పట్టించుకోరు. ఏళ్లు గడిచి ఊపిరితిత్తుల్లో మచ్చకట్టడం మొదలైతే అది ఇక మానదు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఇంటి చుట్టూ పావురాలున్న సంగతి మనమే చెప్పాలి; ఆ ఒక్క మాట రోగ నిర్ధారణను మలుపు తిప్పగలదు. ఇలా తేలినవారికి మందుల కంటే ముందు చెప్పేది పక్షులకు దూరం కమ్మనే.

రెండోది శిలీంధ్రం. పాతబడి ఎండిన రెట్టలో క్రిప్టోకాకస్ అనే శిలీంధ్రం పెరుగుతుంది. ఆరోగ్యవంతులకు దానివల్ల సాధారణంగా ఏమీ కాదు. అవయవ మార్పిడి జరిగినవారు, హెచ్‌ఐవీ ముదిరినవారు, రోగనిరోధక శక్తిని అణిచే మందులు దీర్ఘకాలం వాడుతున్నవారిలో అది మెదడు పొరలకు పాకి ప్రాణం మీదికి తెస్తుంది. అలాంటివారు ఇంట్లో ఉంటే డక్టు శుభ్రం చేసే పని మరొకరికి అప్పగించి, ఆ రోజు కిటికీలు మూసుకోవాలి. పక్షుల నుంచి మనిషికి సోకే సిటకోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు కూడా ఉంది గానీ అది అరుదు.

ఇక్కడ గమనించాల్సింది, ఆకాశంలో ఎగిరే పావురం కంటే మూసిన డక్టులో పేరుకున్న రెట్ట ఎన్నో రెట్లు హానికరం. అందులోకి తెరుచుకునే బాత్రూం ఎగ్జాస్టు ఫ్యాను ఆగి ఉన్నప్పుడు ఆ ధూళి లోపలికే వస్తుంది. అన్నిటికంటే పెద్ద తప్పు ఎండిన రెట్టను పొడి చీపురుతో ఊడ్వడం. ముందు నీళ్లు చల్లి బాగా నాననివ్వాలి, ఎన్95 మాస్కు పెట్టుకోవాలి, ఆ తర్వాతే గీకాలి. ఈ పని చాలాచోట్ల వాచ్‌మన్ చేత, పనమ్మాయి చేత మాస్కు లేకుండానే చేయిస్తారు. పావురాల గురించి రాతపూర్వకంగా ఫిర్యాదులు చేసేవారిలో ఎంతమంది ఆ మాస్కు కొనిస్తారో నాకు అనుమానమే.

రాళ్లకూ బాధ తప్పదు. రెట్టలోని ఆమ్లాలు, అందులో పెరిగే శిలీంధ్రాలు సున్నాన్ని తినేస్తాయి. గ్రానైటు తట్టుకుంటుంది గానీ, చార్మినార్ మీది పువ్వుల నగిషీ అంతా సున్నపు గచ్చుతో చేసినది.

వల కట్టేముందు

వలల వ్యాపారం ఇప్పుడు నగరంలో ప్రతి గేటు మీదా ఒక స్టిక్కరై వెలుస్తోంది. బాల్కనీకి సరిగ్గా కట్టిన వల పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. కానీ ఒక్క ఫ్లాటుకు కట్టిన వల పావురాన్ని పక్క ఫ్లాటుకు పంపుతుంది తప్ప తగ్గించదు. వదులుగా వేలాడే వలలో పక్షి కాలు చిక్కుకుని రోజుల తరబడి తలకిందులుగా వేలాడిన సందర్భాలు చాలామంది చూసే ఉంటారు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం పావురానికీ వర్తిస్తుంది. విషం పెట్టడం, జిగురు పూయడం నేరంతోపాటు తెలివితక్కువతనం కూడా. జిగురుకు అంటుకునేది పావురం కంటే ముందు పిచ్చుకలాంటి చిన్న పక్షి.

కాలు అంటే గుర్తొచ్చింది. గుంపులో వేళ్లు తెగి మొండిగా మిగిలిన పాదాలు ఎన్నో కనిపిస్తాయి. అది కుష్ఠు కాదు, దారాల పని. పారిస్‌లో 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో క్షౌరశాలలు ఎక్కువగా ఉన్న పేటల్లోని పావురాలకు ఇలా వేళ్లు పోవడం ఎక్కువని తేలింది. నేల మీది వెంట్రుకలు వేళ్లకు చుట్టుకుని రక్తప్రసారం ఆపేస్తాయి. మనకు వెంట్రుకలతోపాటు సంక్రాంతి మాంజా కూడా ఉంది. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించినా పండగ వెళ్లిన నెలల తర్వాత కూడా తీగల మీద, చెట్ల మీద అది వేలాడుతూనే ఉంటుంది.

గింజలు వేసే అలవాటును వెక్కిరించడం నాకు నచ్చదు. చాలామంది వృద్ధులకు పొద్దున్నే పలకరించే ప్రాణి అదొక్కటే. కానీ ఆ గుప్పెడు జొన్నలు నీళ్ల పళ్లెంగా మారితే వేసవిలో పావురంతోపాటు గోరింకలు, బుల్‌బుల్‌లు, ఉడతలు కూడా వస్తాయి, ఎవరి సంతానమూ అదుపు తప్పదు. పావురం నీళ్లు తాగే తీరు చూడటానికీ ఒక అవకాశం దొరుకుతుంది. మిగతా చాలా పక్షుల్లా ఒక్కో గుక్కకూ తల ఎత్తదు. ముక్కు ముంచి, దించిన తల దించినట్టే ఉంచి పీల్చేస్తుంది.

భవనంలో చేయాల్సిన పని మాత్రం ఒక వరుసలో జరగాలి. ముందు టెర్రస్ మీద, బాల్కనీల్లో గింజలు ఆగాలి, లేకపోతే తర్వాతి ఖర్చంతా వృథా. ఆ తర్వాత అరలు మూయాలి. బల్లపరుపు అంచు మీద 45 డిగ్రీలకు మించిన వాలుతో రేకో, సిమెంటో పెడితే పావురం నిలవలేదు. ముళ్లపట్టీల కంటే ఇది చవక, ఎవరికీ గాయం కాదు. ఏసీ యూనిట్ వెనక సందును తంతిజాలీతో మూయించడం మెకానిక్‌కు పెద్ద పని కాదు. డక్టుకు పైన, పక్కల జాలీ బిగించడం మొత్తం భవనానికి సంబంధించిన ఖర్చు కాబట్టి సంఘం తీర్మానం కావాలి. బిగించే ముందు లోపల ప్రతి మూలా టార్చి వేసి చూడాలి. గుడ్లో పిల్లలో ఉంటే నాలుగైదు వారాలు ఆగి, అవి ఎగిరిపోయాక, తల్లి మళ్లీ గుడ్లు పెట్టేలోగా పని ముగించాలి. చూడకుండా మూసేస్తే లోపల చచ్చిన పక్షుల కంపు మూడో రోజు నుంచి ప్రతి బాత్రూంలోకీ వస్తుంది, జాలీని మళ్లీ విప్పక తప్పదు.